ఎన్ని రోజులకి కావాలి?

మిషను చచ్చిపోయింది.
కరెంటు పోయి వచ్చినప్పుడల్లా
కీచుమని ఒక్క కూత కూసేది,
మంగళవారం కూయలేదు.

మౌలాలి వచ్చి స్క్రూలు విప్పాడు.
మూత ఎత్తగానే నాలుగు తుమ్ములు తుమ్మాడు.
లోపల ఫ్యాను రెక్కల మీద, ఆకుపచ్చ బోర్డు మీద
ఏడేళ్ళ కారం.
తేజా ఘాటు, బ్యాడిగి రంగు,
పొరలు పొరలుగా,
ఎవరో కూరకి తీసిపెట్టినట్టు.
"గుంటూర్లో ఏదీ జబ్బుతో పోదమ్మా,
ఘాటుకే పోద్ది"
అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

లాలాపేట నించి అరండల్‌పేట దాకా
వాడి బండి మీద, ఇద్దరం తుమ్ముకుంటూ వెళ్ళాం.

గాజు పలక వెనక నల్ల డబ్బాలు,
అన్నిటిదీ ఒకటే మొహం.
కొట్టు కుర్రాడు, పేరు షారోను,
గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు.
నాలుగు కెమెరాలది, ఎనిమిదిది, పదహారుది.
మాటలు కూడా పట్టేది.
మనిషి కదిలితే ఫోనుకి చెప్పేది.
మొహాలు గుర్తుపట్టేది.

మాటలు పట్టి ఏం చేసుకుంటుంది నాయనా,
మా కారం మర దగ్గర
నా మాట నాకే వినపడదు.
మొహాలంటావా,
అందరం ముక్కుకి గుడ్డ కట్టుకునే ఉంటాం,
కళ్ళు మాత్రమే ఉంటాయి, అవీ ఎర్రగా.
ఫ్యాను లేనిది ఉందా?
కారానికి తుమ్మనిది?

నవ్వి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.
"ఎన్ని రోజులకి కావాలాంటీ?
ఒక టీబీ అయితే పదిహేను రోజులు,
రెండైతే నెల.
ఆ తర్వాత పాతది తుడిచి
దాని మీదే కొత్తది రాసుకుంటది."

ఎన్ని రోజులకి.
కందిపప్పు అడిగినట్టు అడిగాడు.

నిరుడు ఆవకాయ రోజుల్లో
ఎవరో గొడుగు మర్చిపోయానంటే
మూడో కెమెరా వెనక్కి తిప్పుతూ కూర్చున్నాను.
గొడుగు కనపడలేదు.
దీనమ్మ కనపడింది.
గోతాం పక్కన వంగి
గుప్పెడు ఎండుమిరపకాయలు కొంగున ముడేసి,
బొడ్లో దోపుకుని,
మామూలుగా ఊడ్చుకుంటూ పోయింది.

మూడుసార్లు చూశాను.
నాలుగోసారికి వేలు జారి
ఒకటో కెమెరా వచ్చింది.
అందులో, పైనించి, ఒక ఆడమనిషి.
పాపిట దగ్గర పలచబడిన జుట్టు.
కాటా పళ్ళెంలో పొట్లం పెట్టి
చిటికెన వేలు తీయడం మర్చిపోయింది.

మర్చిపోయిందనే రాస్తున్నాను.

ఆ వేలు నాది. వేలికున్న ఉంగరం కూడా నాదే.

దీనమ్మని ఏమీ అనలేదు.
వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాను.
పదహారో రోజుకి పెట్టె
మా ఇద్దర్నీ తుడిచేసి,
కారం దుమ్ములో తోక ఊపుకుంటూ పోయే
వీధికుక్కని రాసుకుంది.

"నెలది తీసుకోండాంటీ, పన్నెండొందలే తేడా."

మౌలాలి పక్కకి పిలిచాడు.
వాడి చేతిలో గుడ్డలో చుట్టిన పాత డిస్కు.
"ఇది బానే ఉందమ్మా, పోయింది బోర్డే.
కొత్తదాంట్లో ఇదే వేసుకోవచ్చు, డబ్బులు మిగుల్తాయి.
కాకపోతే ముందు మొత్తం చెరిపెయ్యాలి.
పాత బొమ్మలు పోతాయి, పర్లేదా?"

నాలుగు కెమెరాలది, ఫ్యాను లేనిది,
చెవులు లేనిది తీసుకున్నాను.
బేరమాడి రెండొందలు తగ్గించాను.
డిస్కు పాతదే.

సాయంత్రం దాన్ని
కారం ఎగరనంత ఎత్తున గోడకి బిగించి
ఒకసారి కెమెరా ముందు నడవమన్నాడు.
నడిచాను.
కాటా దగ్గరికొచ్చేసరికి
చేతులు రెండూ వెనక్కి పోయాయి.

దీనమ్మ చీపురు ఆపి
టీవీ వంక చూసి,
"ఏందమ్మగారూ, బళ్ళో నిలబడ్డట్టున్నారు"
అంది.